ప్రెషర్ వాషర్ ఇంజన్ ఆయిల్ లీక్: సీలెంట్ పూయాలా, సీల్ మార్చాలా, ఇంజనే మార్చాలా?

మేం ఉప్పల్ దిక్కు అపార్ట్‌మెంట్ సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగే పని చేస్తం, పెట్రోల్ ప్రెషర్ వాషర్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని రోజుకో కాలనీ తిరుగుతుంటం. ఇంజన్ కింద ఆయిల్ చుక్క కనబడితే మాకు అది చిన్న విషయం కాదు, ఆ చుక్క సంపులో పడితే ఆ ఇంటోళ్లు తాగే నీళ్లు ఖరాబైతయ్.

సికింద్రాబాద్ రాణీగంజ్ మిషన్ దుకాణాలల్ల నలుగురిని అడిగితే మూడు మాటలు వింటరు. బయటి నుంచి సిలికాన్ సీలెంట్ పూసెయ్ అని ఒకరు, ఆయిల్ సీల్ (ఇంజన్ తిప్పే కడ్డీ, అంటే షాఫ్ట్, చుట్టూ ఉండి ఆయిల్‌ని లోపలే ఆపే రబ్బరు రింగు) మార్చు అని ఇంకొకరు, ఇవన్నీ ఎందుకన్నా, కొత్త చైనా ఇంజన్ పెట్టేయ్ అని మరొకరు. పోయిన ఎండాకాలం మా మిషన్‌కి కూడా ఒక మెకానిక్ ఇంజన్ పోయిందనే చెప్పిండు. నేను డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ ఉండాల్సిన దానికన్నా పైకి ఉంది, పల్చగా ఉంది, పెట్రోల్ వాసన కొడ్తుంది. కార్బురేటర్‌లో పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోక, రాత్రంతా పెట్రోల్ సిలిండర్‌లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలిసింది. నీడిల్ మార్చి, కొత్త ఆయిల్ పోసినంక లీక్ ఆగింది. అప్పటి నుంచి కొనుడు తర్వాత, కనిపెట్టుడు ముందు అని పెట్టుకున్న.

కనిపెట్టుడు కష్టం కాదు గానీ ఓపిక కావాలె. మిషన్‌ని చదును నేల మీద పెట్టి ఆయిల్ లెవెల్ చూడాలె, హోండా జీఎక్స్ 160 రకం ఇంజన్లల్ల ఆయిల్ పట్టేదే 0.6 లీటర్ లోపు, లీటర్ డబ్బా మొత్తం పోస్తే ఎక్కువైన ఆయిల్ ఎక్కడో ఒక చోట బయటికి రాకుండా ఉండదు. తర్వాత వాల్వ్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి పోయే బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) చూడాలె, అది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి మంచి సీల్‌ని కూడా దాటించి ఆయిల్‌ని తోస్తది, ఇది చూడకుండా సీల్ మార్చిన వాళ్లు నెల తిరగకముందే మళ్లీ వస్తరు. ఈ రెండూ బాగుంటే ఇంజన్ చల్లారినంక డీగ్రీజర్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ చల్లి ఓ 10 నిమిషాలు నడపాలె. ఎక్కడ పౌడర్ ముందు తడిసిందో అక్కడే లీక్. కిందికి కారిన చోటుని చూసి మోసపోవద్దు, ఫ్యాన్ గాలికి ఆయిల్ ఎటో ఎగిరి ఎటో అంటుకుంటది.

ఇంకొకటి, ఇంజన్‌కీ పంపుకీ మధ్య నుంచి కారితే అది పంపు ఆయిల్ కూడా అయి ఉండొచ్చు, పంపుకి వేరే ఆయిల్ ఉంటది. పంపు ఆయిల్ పాలు పోసిన చాయ్‌లా కనబడితే నీటి సీల్ పోయి నీళ్లు లోపలికి దిగినట్టు, అప్పుడు ఇంజన్ జోలికి పోవద్దు.

ఇప్పుడు ఏది మేలు అంటే, బయటి నుంచి సీలెంట్ పూయడాన్ని నేను ఒప్పుకోను. జిడ్డు మీద అది పట్టదు, పట్టినా ఇంజన్ వేడికీ లోపలి ప్రెషర్‌కీ లేచిపోతది. కవర్ విప్పి గ్యాస్కెట్‌కి (అతుకు మధ్య పెట్టే పల్చటి పట్టీ) బదులు దట్టంగా పూస్తే ఇంకా అన్యాయం, లోపలికి పిండుకున్న ముక్క ఊడి ఆయిల్‌లో పడితే ఆపడానికి ఈ ఇంజన్లల్ల ఆయిల్ ఫిల్టరే ఉండదు. డ్రెయిన్ బోల్ట్ దగ్గర కారితే కొత్త వాషర్ చాలు, వాల్వ్ కవర్‌కి కొత్త గ్యాస్కెట్ చాలు, రెండూ చవకే.

షాఫ్ట్ దగ్గరే కారుతుందంటే సీల్ మార్చుడే మేలు, ఖరీదు కూడా ఇంజన్ పక్కన లెక్కలోకి రాదు. పంపు బోల్టులు తీసి పంపుని బయటికి లాగాలె, చాలా మిషన్లల్ల పంపు నేరుగా ఇంజన్ షాఫ్ట్ మీదనే కూర్చుంటది కాబట్టి తుప్పుతో ఇరుక్కుంటది, సుత్తితో బాదొద్దు, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయాలె. పాత సీల్ పీకేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడొద్దు. కొత్త సీల్ ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌లో కీ (పంపుని షాఫ్ట్‌తో పాటు తిప్పే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడి మీద టేపు చుట్టాలె, లేకుంటే ఆ అంచుకే సీల్ పెదవి, అంటే షాఫ్ట్‌ని ఆనుకునే లోపలి అంచు, కోసుకుపోతది, కొత్త సీల్ వేసినా లీక్ ఆగలేదని బాధపడేవాళ్లల్ల చాలామందికి జరిగేది ఇదే. పెదవికి కొంచెం గ్రీజు రాసి, తిన్నగా లోపలికి నొక్కాలె, ఒక పక్క వంకర పోనియ్యొద్దు.

ఇంజన్ మార్చుడు ఎప్పుడంటే, షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆడుతుందనుకోండి, బేరింగ్ అరిగింది, ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. దాంతో పాటు నీలం పొగ, కంప్రెషన్ తగ్గుడు కూడా ఉంటే ఖర్చు పెట్టి బాగు చేయించడం దండగ. షాఫ్ట్ మీద సీల్ రాసుకున్న చోట గోరు తగిలేంత గాడి ఒక్కటే ఉంటే మాత్రం ఇంజన్ పారేయొద్దు, సీల్‌ని ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెడితే పెదవి కొత్త చోట ఆనుతది.

కొత్తది కొనేటట్టయితే వెర్నియర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పరికరం) పాత షాఫ్ట్ మందం కొలిచి పొండి, ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, దుకాణంలో 20 మిల్లీమీటర్లదీ దొరుకుతది, చూపుకి రెండూ ఒక్కతీరే ఉంటయ్ గానీ ముప్పావు అంగుళం పంపు 20 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీదికి ఎక్కదు.