పాత టాటా 207 డీఐకి ఫుల్ ఇంజిన్ చేయించా: కొన్ని మామిడి సీజన్లు తోలాక చెబుతున్న మాట

ముందే చెప్పేస్తా, పాత 207 పికప్ లోడు బండికి ఫుల్ ఇంజిన్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి అరిగినవన్నీ బాగు చేయించడం, దండగ కాదు. కాకపోతే అందరూ పిస్టన్ కిట్టు ఏ కంపెనీది అని అడుగుతారు గానీ, ఇంజిన్ నిలబడేదీ పోయేదీ లేతు పని (భాగాల్ని మిషన్ మీద కోసి సైజుకి తెచ్చే పని) దగ్గర, ఎయిర్ పైపు దగ్గర, రేడియేటర్ దగ్గర. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి రంధ్రం) కొత్తగా చేసిన ఏ ఇంజినైనా మొదటి ఆర్నెల్లు బాగానే ఉంటుంది, అప్పుడు రాసే సమీక్షలకి విలువ లేదు. నూజివీడు తోటల నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మామిడి మార్కెట్‌కి నడి ఎండాకాలంలో నిండు లోడుతో సీజన్ల తరబడి తిప్పాకే ఇది రాస్తున్నా.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. 2956 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. కొన్నాళ్లకే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే వెనక నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి కిందికి జారిన గాలి. హాఫ్ ఇంజిన్ చాలు, రింగులు, బేరింగులు వేయించెయ్ అని చెప్పినవాళ్లే ఎక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో హెడ్ విప్పాక మా మేస్త్రి నా వేలు పట్టుకుని లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) పైఅంచున రాయించాడు. పై రింగు ఆగే చోట గోరు తగులుకుని ఆగిపోయేంత మెట్టు! అంత అరిగిన బోరులో కొత్త రింగులు వేస్తే ఆ డబ్బు కాలవలో పోసినట్టే.

అసలు అరగడానికి కారణం తర్వాత దొరికింది. ఫిల్టర్ కొత్తదే, కానీ ఎయిర్ ఫిల్టర్‌కీ మానిఫోల్డ్‌కీ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) మధ్య రబ్బరు పైపు అడుగువైపు చీలి ఉంది. పాత ఓనరు ఎవరో దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాడు. లోపల చెయ్యి పెడితే ఎర్రదుమ్ము అంటుకుంది. తోటల దారుల్లో లేచే దుమ్మంతా ఫిల్టర్‌తో పని లేకుండా నేరుగా సిలిండర్లలోకే పోయిందన్నమాట. ఈ పైపు మార్చకుండా లక్ష పెట్టి ఇంజిన్ చేయించినా మళ్లీ అదే కథ.

పాత లైనర్లు తీసి కొత్తవి ప్రెస్ చేసి, బోరు, హోనింగ్ (లోపలి గోడకి సన్న గీతలు పెట్టే రాపిడి) చేయించాం. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) గ్రైండింగ్‌కి సరిపోయింది, అంటే 0.25 మిల్లీమీటర్ల అండర్ సైజు బేరింగులు. గ్రైండింగ్ అయ్యాక క్రాంక్‌లో ఆయిల్ దారులు, బ్లాక్‌లో ఆయిల్ దారులు ప్లగ్గులు విప్పి డీజిల్‌తో కడిగి గాలి కొట్టించడానికి మేస్త్రి పూటంతా తీసుకున్నాడు. నాకు విసుగొచ్చింది గానీ ఆ రాపిడి పొడి లోపలే ఉండిపోతే కొత్త బేరింగులు ఎన్నాళ్లో నిలవవు.

రింగుల దగ్గర ఒక గొడవ. ఒక షాపులో ఇచ్చిన సెట్టు, డబ్బా చూస్తే అచ్చం అసలుదే. ఒక్కో రింగునీ బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) రింగు రెండు కొసల మధ్య సందు చూస్తే దాదాపు మిల్లీమీటరు ఉంది. 97 మిల్లీమీటర్ల బోరుకి అందులో సగం లోపే ఉండాలి. వెనక్కి ఇచ్చేసి వేరేచోట తెచ్చాం. మీ మేస్త్రి ఈ గ్యాప్ చూడకుండా నేరుగా పిస్టన్‌కి ఎక్కించేస్తుంటే ఆపండి, మొహమాటపడొద్దు.

రెడీగా ఉన్న సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించమని కూడా సలహా ఇచ్చారు. చవకే, పని కూడా తొందరగా అయిపోతుంది. కానీ ఇంజిన్ నంబరు బ్లాక్ మీదే ఉంటుంది కాబట్టి ఆర్సీలో మార్పించుకోవాలి. రవాణా బండికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్, అక్కడ నంబరు తేడా వస్తే ఇక తిరుగుడే. ఆ టెన్షన్ ఎందుకని సొంత బ్లాకే చేయించా.

నాజిళ్లు (డీజిల్ చిమ్మేవి), డీజిల్ పంపు కాలిబ్రేషన్, రేడియేటర్ రీకోర్ (లోపలి జాలీ మార్చడం) అన్నీ కలిపి 90 వేలకి అటూఇటూ అయింది. మొదట చెప్పిన ఎస్టిమేట్‌లో ఈ మూడూ లేవు. మీరు అడిగేటప్పుడు ఇవి కలిపే అడగండి.

సెట్ అవ్వడానికి రాత్రంతా ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో) వదిలెయ్యమనే మాట ఆటోనగర్‌లో ఇప్పటికీ వినిపిస్తుంది, నేను వినలేదు. డీజిల్ ఇంజిన్ లోడు లేకుండా గంటలు గంటలు తిరిగితే బోరు గోడలు గాజులా నునుపెక్కి రింగులు కూర్చోవు. సగం లోడుతో, స్పీడు మారుస్తూ వెయ్యి కిలోమీటర్లు తోలి, ఆయిల్ మార్చి, ట్యాపెట్లు (వాల్వుల సందు) మళ్లీ సెట్ చేయించా.

ఇప్పుడు సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ పోయాల్సిన పని దాదాపు లేదు. లోడు మీద మైలేజి 9 దగ్గర ఉండేది 11 దాకా వచ్చింది. రేడియేటర్ రీకోర్ పుణ్యమా అని మే నెలలో కూడా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. మోత మాత్రం అదే మోత, క్యాబిన్‌లో ఫోన్ మాట్లాడలేం. వెనక ఆయిల్ సీలు దగ్గర ఈ మధ్య కాస్త చెమ్మ కనిపిస్తోంది. ఎలాగూ క్లచ్ ప్లేటుకి గేర్‌బాక్స్ దించాలి, అప్పుడే అదీ మార్పించేస్తా.