ఏఎఫ్‌పీయా, పివ్కానా? సిరోసిస్ ఉన్నవాళ్లకి ఏది మేలు?

పర్లాకిమిడిలో మా ల్యాబుకి వచ్చే సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడిపోయే జబ్బు) పేషెంట్ల ఇళ్లవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "లివర్ క్యాన్సర్ కనిపెట్టడానికి ఏఎఫ్‌పీ పాతదైపోయిందంట కదా బాబూ, పివ్కా చేయించమంటావా?" ఈ రెండూ లివర్ క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్లని కొలిచే పరీక్షలు. ఏ టెస్టు రాయాలో డాక్టరుగారి ఇష్టం. రక్తం తీసేవాడిగా నా లెక్క చెబుతాను.

ఏఎఫ్‌పీ మీద ఫిర్యాదు నిజమే. హెపటైటిస్ బీ, సీ ముదురుతున్నప్పుడు క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చాలామందిలో అసలు పెరగదు. అలాంటి కొన్ని గడ్డల్ని పివ్కా పడుతుంది. జపాన్‌లో రెండూ కలిపి చూడడం ఎప్పట్నుంచో ఉంది. అయితే విటమిన్ కె తగ్గినా, పైత్యనాళం మూసుకుని కామెర్లు వచ్చినా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వేసుకుంటున్నా పివ్కా కూడా పెరిగి లేనిపోని టెన్షన్ పెడుతుంది. వార్ఫరిన్ సంగతి రక్తం ఇచ్చేటప్పుడే చెప్పండి.

నా దృష్టిలో అసలు సంగతి వేరే. ఆరు నెలలకోసారి, తప్పకుండా, అదే ల్యాబులో మళ్లీ చేయించగలరా? ఏఎఫ్‌పీ మామూలుగా మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు దాటితే అనుమానిస్తారు. కానీ ఒకరికి 5, తర్వాత 10, ఆ తర్వాత 17 వచ్చిందనుకోండి. ప్రతి రిపోర్టూ విడిగా చూస్తే నార్మలే. మూడూ పక్కపక్కన పెడితే మాత్రం డాక్టరు ఊరుకోరు. ల్యాబు మారిస్తే యంత్రం మారుతుంది, అంకె మారుతుంది, ఆ పోలిక పోతుంది. పివ్కా శాంపిల్ మేం బయటికి పంపాలి, ఖర్చూ ఎక్కువ. ఒకసారి చేయించి, బాగుందని రెండేళ్లు కనబడకుండా పోయేవాళ్లే ఎక్కువ.

అందుకే నా ఓటు ఏఎఫ్‌పీకే, అదీ అల్ట్రాసౌండ్‌తో కలిపితేనే. చాలా అధ్యయనాలు కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం, తొలిదశ గడ్డల్లో స్కాన్ ఒక్కటే పట్టినవి నూటికి 45, ఏఎఫ్‌పీ తోడైతే 63. ఈ రెండూ తప్పకుండా సాగుతుండి, చేతిలో డబ్బు మిగిలితే అప్పుడు పివ్కా కలపండి, వద్దనను.

ఏఎఫ్‌పీ-ఎల్3 (ఏఎఫ్‌పీలోనే ఒక రకం), ఈ మూడు పరీక్షల అంకెల్నీ వయసుతో, ఆడా మగా తేడాతో కలిపి వేసే గాలడ్ స్కోరు కూడా ఉన్నాయి. ఈ వైపు డాక్టర్లు రాసే చీటీల్లో నాకింకా తగల్లేదు.

ఏఎఫ్‌పీ 20 దాటినా, వరసగా పెరుగుతున్నా, స్కాన్‌లో సెంటీమీటరుకి తగ్గని గడ్డ కనబడినా ఇంకో రక్తపరీక్ష కోసం ఆగకండి. అప్పుడు తేల్చేది ట్రైఫేజిక్ సీటీ (రంగుమందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) గానీ ఎమ్మారై గానీ. బరంపురం వెళ్లినా విశాఖ వెళ్లినా పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి పట్టుకెళ్లండి.