జీఎం లేబుళ్లు: ‘ఉంది’ అన్నదాన్ని నమ్మాలా, ‘లేదు’ అన్నదాన్నా?

జన్యుమార్పిడి (జీఎం) పంటల సంగతి ప్యాకెట్ మీద మూడు రకాలుగా కనిపిస్తుంది. చట్టం రాయించే ‘జీఎం ఉంది’, కంపెనీ తనంతట తాను వేసుకునే ‘జీఎం లేదు’ ముద్ర, స్కాన్ చేసి చూసుకోమనే క్యూఆర్ కోడ్. మూడోదాన్ని ముందే పక్కన పెట్టేయొచ్చు. ఒక చేత్తో సరుకు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీసి, కంపెనీ పేజీలో వెతుక్కునే ఓపిక కొనేవాళ్లలో ఎంతమందికి ఉంటుంది? చెప్పామని చెప్పుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. ‘ఉంది’ లేబుల్‌లోనూ రెండు దారులున్నాయి. ఐరోపా సమాఖ్య పంట మూలాన్ని చూస్తుంది. నూనె జీఎం సోయా నుంచి తీసిందైతే, అందులో డీఎన్ఏ ఆనవాలు లేకపోయినా లేబుల్ వేయాల్సిందే. అమెరికాలో 2022 జనవరి 1 నుంచి తప్పనిసరైన ‘బయోఇంజనీర్డ్’ (జీఎంకు అక్కడి చట్టం వాడే మాట) నిబంధన మాత్రం తయారైన సరుకులో మారిన జన్యుపదార్థం దొరుకుతుందా అన్న లెక్క మీద వచ్చింది. చిన్న తేడాలా అనిపిస్తుంది గానీ చాలా పెద్దది. ల్యాబ్‌లో చేసే పీసీఆర్ పరీక్ష వెతికేది డీఎన్ఏ ముక్కల్నే. శుద్ధి చేసిన నూనె, చక్కెర, గ్లూకోజ్ సిరప్‌లలో అవి దాదాపు మిగలవు. అంటే పరీక్షనే నమ్ముకున్న లేబుల్ సరిగ్గా ఈ సరుకుల దగ్గరే నోరు విప్పదు. ఐరోపా పద్ధతి కాగితాల మీద నడుస్తుంది. సరుకు చేతులు మారిన ప్రతిసారీ దాని జీఎం వివరం రాతపూర్వకంగా కొన్నవారికి అందాలి, ఆ రికార్డు ఐదేళ్లు ఉంచాలి.

ఇక ‘లేదు’ ముద్ర. లేదంటే సున్నా అనుకోవద్దు. అనుకోకుండా కలిసిన జీఎం 0.9 శాతం దాకా ఉన్నా ఐరోపాలో ‘ఉంది’ లేబుల్ అక్కర్లేదు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1 శాతం, అమెరికాలో 5 శాతం. ఈ శాతం మొత్తం ప్యాకెట్ మీద కాదు, ఒక్కో దినుసు మీద లెక్క. జపాన్ మాత్రం 2023 ఏప్రిల్ నుంచి బిగించింది: పరీక్షలో ఏమీ దొరక్కపోతేనే ‘జీఎం కాదు’ అని రాయనిస్తుంది.

కలిసేది ఎక్కడ? మొక్కజొన్నలో పక్క పొలం పుప్పొడి, కోత యంత్రంలో మిగిలిన గింజలు, లారీ అడుగు, గోదాము, మిల్లు కన్వేయర్. లారీ పైపొరలో నాలుగు గుప్పిళ్లు తీసి పరీక్షిస్తే ఏమీ తేలదు. సరుకులో 0.1 శాతం జీఎం గింజలు ఉన్నాయనుకోండి, అన్ని లోతుల నుంచీ కలిపి 1,000 గింజలు తీసినా ఒక్కటీ పడకపోయే అవకాశం 37 శాతం. 3,000 తీస్తే అది 5 శాతానికి దిగుతుంది. కాబట్టి ముద్ర వేసిన సంస్థను అడగాల్సింది ఇవీ: హద్దు ఎంత, నమూనా ఎన్ని గింజలు, ఎక్కడెక్కడ తీశారు, పరీక్షించింది బయటి ల్యాబేనా? జవాబు రాకపోతే ఆ ముద్ర ఉత్త ప్రకటనే. ఉప్పు మీదా నీళ్ల మీదా ‘జీఎం లేదు’ అని వేసేవాళ్లూ ఉన్నారు. వాటిలో అసలు జన్యువులే ఉండవు!

‘ఉంది’ అని రాస్తే జనం బెదిరిపోతారన్నది కంపెనీల పాత వాదన. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2016 జులైలో ఈ లేబుల్‌ను తప్పనిసరి చేసింది. 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం అక్కడ జీఎం ఆహారం మీద వ్యతిరేకత 19 శాతం తగ్గింది. దాచనిదాని మీద అనుమానం తక్కువ.

నూనె, చక్కెర, సోయా నుంచి తీసి చాక్లెట్ల వంటివాటిలో కలిపే లెసిథిన్‌లకైతే కాగితాల ఆధారంతో వేసే ‘ఉంది’ లేబులే మేలు. గింజలకూ పిండికీ బయటి సంస్థ తనిఖీ ఉన్న ‘లేదు’ ముద్ర సరిపోతుంది. పాలు, గుడ్ల దగ్గర రెండూ జాగ్రత్తగా చదవాలి: పశువు తిన్న దాణా జీఎం అయినా ఐరోపాలో కూడా పాల మీద లేబుల్ అక్కర్లేదు.

జీన్ ఎడిటింగ్ (మొక్క సొంత డీఎన్ఏలోనే చిన్న మార్పు చేసే పద్ధతి) పంటలతో ఈ లెక్క ఇంకా బిగుస్తోంది. మామూలు పీసీఆర్ వెతికే 35ఎస్ ప్రమోటర్, నాస్ టెర్మినేటర్ (జీఎం పంటల్లో బయటి జన్యువుకు ముందూ వెనకా తగిలించే డీఎన్ఏ ముక్కలు) వీటిలో చాలావాటికి ఉండవు. డీఎన్ఏలో ఏ అక్షరం మార్చారో ముందే తెలిస్తే తప్ప దొరకదు. దొరికినా, అది ఎడిటింగ్ వల్ల వచ్చిందో సహజంగా మారిందో పరీక్ష చెప్పలేదు. ఆ తేడా విత్తనం అమ్మినవాడి రికార్డులో ఉంటేనే ప్యాకెట్ మీదికి వస్తుంది.