బ్లూ అగావే సిరప్ రివ్యూ: నిమ్మరసంలోకి సూపర్, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం కాస్త ఆగి చదవండి

అగావే అనే మొక్క నుంచి తీసి, పంచదార బదులు వాడే తీపి పానకం ఇది. ముందే చెప్పేస్తా, నా రేటింగ్ 5కి 3. ఆ మూడూ రుచికీ, చల్లటి వాటిలో ఇట్టే కలిసిపోయే గుణానికీ. మిగతా రెండూ కట్ చేసింది మాత్రం బాటిల్ మీద పెద్ద అక్షరాలతో రాసిన "లో గ్లైసెమిక్" (అంటే రక్తంలో గ్లూకోజ్‌ని పెద్దగా పెంచదని) అనే ముక్క వల్ల. అది అబద్ధం అని కాదు, నిజమే, కానీ సగం నిజం, ఆ సగాన్ని పట్టుకునే మనవాళ్ళు అమ్మానాన్నలకి ఇండియాకి సూట్‌కేసుల్లో పెట్టి మరీ పంపిస్తున్నారు.

నేనుండేది అమెరికాలో డాలస్ దగ్గర, ఇక్కడ ఏ గ్రాసరీ స్టోర్‌లో అయినా తేనె ఉండే షెల్ఫ్‌లోనే ఉంటది ఇది. లేత రంగుదొకటి, ముదురు రంగుదొకటి దొరుకుతాయి. లేతదానికి సొంత వాసన పెద్దగా ఉండదు, ఉత్త తీపి, అంతే. ముదురుది కొంచెం మాడిన పంచదార వాసనతో బాగుంటది, దోసెలోకీ పాన్‌కేకులోకీ నాకైతే అదే నచ్చింది. తేనె కంటే పల్చగా ఉంటది, చలికాలంలో కూడా గడ్డకట్టదు. తేనె తినని వీగన్ వాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చే వస్తువు.

ఇక మన వంటల్లో ఎలా ఉందంటే, నిమ్మరసం, ఐస్ టీ, చల్లటి బాదంపాలు, పెరుగులో పండ్ల ముక్కలు వేసుకుని పైన కాస్త పోసుకోవడం, వీటన్నిటిలో సూపర్. పంచదార అయితే చల్లటి నీళ్ళలో కరగక గ్లాసు అడుగున మిగిలిపోతది కదా, ఇది రెండు తిప్పులు తిప్పితే చాలు, పైగా పంచదార కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తీపి కాబట్టి తక్కువ పడతది. కానీ వేడి ఫిల్టర్ కాఫీలో వేస్తే ఆ తీపి ఏమైపోయిందో అర్థం కాదు. కారణం ఏంటంటే ఇందులో ఉండేది ఎక్కువగా ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే రకం చక్కెర), అది చల్లగా ఉన్నప్పుడు నాలుక్కి బాగా తియ్యగా తగుల్తది, వేడెక్కేకొద్దీ తీపి తగ్గుతది. అందుకే కాఫీలోకి ఒక చెంచా సరిపోలేదని ఇంకో చెంచా, ఆపైన ఇంకాస్త... అక్కడే లెక్క తప్పిపోతది.

అరిసెలు, వేరుశనగ ఉండలు, బొబ్బట్లలోకి పూర్ణం, వీటి జోలికి మాత్రం దీంతో పోకండి. ఉండపాకం రావాలంటే తీపి గట్టిపడాలి, ఇది ఎంత మరిగించినా జిగురుగానే ఉంటది, పైగా త్వరగా మాడిపోతది. కేకుల్లో అయితే ఓకే, ఒక కప్పు పంచదార బదులు ముప్పావు కంటే కాస్త తక్కువ పోసి, మిగతా పాలో నీళ్ళో తగ్గించి, ఓవెన్ వేడి ఒక 25 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించుకోవాలి, లేకపోతే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోద్ది. కేక్ మాత్రం మర్నాటికి కూడా మెత్తగానే ఉంటది, అది ప్లస్సే.

"నేచురల్" అనే మాట గురించి కూడా చెప్పాలి. ఇది ఎక్కువగా మెక్సికోలో హలిస్కో వైపు పండే బ్లూ అగావే నుంచి వస్తది, టెకీలా అనే మందు చేసేదీ ఆ మొక్కతోనే. మొక్క ఎదగడానికి ఏళ్ళు పడతది, ఆకులన్నీ చెక్కేస్తే మధ్యలో పెద్ద అనాసపండులాంటి మొద్దు మిగుల్తది. అందులో ఉండేది ఇన్యులిన్ రకం పీచు, దాన్ని వేడితోనో ఎంజైములతోనో విడగొడితే ఫ్రక్టోజ్ అవుద్ది, దాన్ని వడకట్టి చిక్కగా చేసి బాటిల్‌లో పోస్తారు. అంటే మొక్కలో ఉన్నప్పుడు పీచు, మన చేతికొచ్చేసరికి చక్కెర. "రా" (raw, అంటే పచ్చిది) అని రాసి ఉన్నదీ అంతే, వేడి తక్కువ పెడతారు, ఎంజైములు వాడతారు, చివరికి వచ్చేది అదే. మెక్సికోలో పాతకాలం నుంచీ మొక్కలోంచి ఊరే రసాన్ని తాగడం, మరిగించి పానకంలా చేసుకోవడం ఉంది, కానీ ఇప్పుడు షాపుల్లో అమ్మే ఈ సిరప్ 1990ల నుంచి ఊపందుకున్న ఫ్యాక్టరీ సరుకు.

అన్నట్టు మన రాయలసీమలో పొలం గట్ల మీద ముళ్ళతో ఉండే కిత్తనార కూడా ఈ కుటుంబమే. అలాగని ఊరెళ్ళినప్పుడు కోసి ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి, ఆ పచ్చి రసం ఒంటికి తగిలితే దద్దుర్లూ దురదా మామూలుగా ఉండవు.

ఇప్పుడు అసలు విషయం. మా అత్తయ్యకి షుగర్ ఉంది, ఇక్కడికి వచ్చినప్పుడు బాటిల్ చూసి "ఇది వేసుకుంటే మీటర్‌లో పెరగదంటగా అమ్మాయ్" అని అడిగారు. నిజమే, పెద్దగా పెరగదు. మామూలు పంచదారకి గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ని ఎంత పెంచుతుందో చెప్పే అంకె) 65 దగ్గర ఉంటే అగావేకి చాలావరకు 30 లోపే. కానీ ఎందుకు పెరగదు? మీటర్ కొలిచేది గ్లూకోజ్‌ని మాత్రమే, ఇందులో ఉన్నదేమో 70 శాతం పైన, కొన్నిట్లో 90 దాకా కూడా ఫ్రక్టోజ్. పంచదారలో గ్లూకోజూ ఫ్రక్టోజూ చెరి సగం, అందరూ తిట్టుకునే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ (మొక్కజొన్న నుంచి చేసే చక్కెర పానకం) సాఫ్ట్ డ్రింకుల్లో వాడే రకంలో కూడా 55 శాతమే. ఆ ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగం లివరే చూసుకోవాలి, ఎక్కువైతే కొవ్వుగా మార్చేస్తది, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) పెరుగుతాయి, యూరిక్ యాసిడ్ కూడా పెరుగుద్ది. వేలికి గుచ్చి చూసుకుంటే ఇవేవీ కనపడవు కదా, మీటర్ బాగానే ఉందని చెప్తా ఉంటది, మనం ఇంకో చెంచా పోసుకుంటా ఉంటాం. ఫ్యాటీ లివర్ అని రిపోర్ట్ వచ్చినవాళ్ళూ, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళ జబ్బు) నొప్పులున్నవాళ్ళూ దీన్ని హెల్త్ ఫుడ్ అనుకుని కొనడం నాకైతే అస్సలు నచ్చదు.

బాటిల్ వెనక లేబుల్ తిప్పి చదవండి, ఒక టేబుల్ స్పూన్‌కి 60 క్యాలరీలు, 16 గ్రాముల చక్కెర. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు కలుపుకునే చక్కెర ఆడవాళ్ళకి రోజుకి 25 గ్రాములు, మగవాళ్ళకి 36 దాటొద్దంటారు, అంటే ఆడవాళ్ళకి రెండు స్పూన్లతో కోటా దాటిపోయినట్టే. ఖనిజాలూ యాంటీ ఆక్సిడెంట్లూ అంటారు గానీ ఒక చెంచాలో లెక్కపెట్టేంత ఏమీ ఉండవు. గ్యాస్, కడుపుబ్బరం, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాల తేడా వచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్ళకి ఫ్రక్టోజ్ సరిగ్గా అరగక ఇంకా ఇబ్బంది అవ్వొచ్చు.

ఇంకోటి, ఇది చాలామంది ఆలోచించరు. షుగర్ మందులు వాడేవాళ్ళకి ఒక్కోసారి లెవెల్ పడిపోయి చెమటలు పట్టి వణుకొస్తది చూడండి, అప్పుడు చేతికి దొరికింది కదా అని అగావే పట్టించకండి, దీంతో గ్లూకోజ్ గబుక్కున పెరగదు. అప్పుడు కావాల్సింది గ్లూకోజ్ పొడో పంచదార నీళ్ళో. అత్తయ్యకి ఇదే చెప్పి, కాఫీ చక్కెర లేకుండా తాగడం మీ డాక్టర్ చెప్పిందే కదా అన్నాను. మొహం చిట్లించారు గానీ తాగారు.

కొనాలనుకుంటే చిన్న బాటిలే తీసుకోండి, రెండు బాటిళ్ళ ప్యాక్ చవకగా కనపడతది గానీ ఇంట్లో ఉంటే పోసుకుంటాం. ఇండియాలో అయితే ఇంపోర్టెడ్ రేటు, పంచదారకి ఎన్నో రెట్లు, ఆ డబ్బులు పెట్టేంత విషయం నాకు ఇందులో కనపడలేదు. ఫ్రిజ్ అక్కర్లేదు, మూత దగ్గర కారిందంతా తుడిచి పెట్టుకోండి, లేదంటే చీమలు క్యూ కడతాయి.