డీకేఎంఎస్ సమీక్ష: కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవరును మళ్లీ కట్టిపెట్టే సాధనం

లినక్స్ కెర్నెల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన భాగంతో, పాటు రాని డ్రైవరు మీద ఆధారపడిన వారికి ఒక అనుభవం తప్పదు. నిన్న సాయంత్రం వరకు చక్కగా పనిచేసిన పరికరం, అప్‌డేట్ వేసి యంత్రాన్ని రీబూట్ చేసేసరికి కనిపించకుండా పోతుంది. పాత కెర్నెల్ కోసం తయారైన మాడ్యూలును, అంటే కెర్నెల్‌లో చేరి పనిచేసే డ్రైవరు ముక్కను, కొత్త కెర్నెల్ లోపలికి రానివ్వకపోవడమే దానికి కారణం. ఈ ఇబ్బందిని తొలగించడానికి డెల్ సంస్థలోని లినక్స్ ఇంజనీర్లు 2003లో డీకేఎంఎస్‌ను, అంటే డైనమిక్ కెర్నెల్ మాడ్యూల్ సపోర్ట్‌ను, రూపొందించారు. ఒక ప్రయోగశాలలో కొలతలు తీసుకునే కార్డులు బిగించిన, డెబియన్ అనే లినక్స్ రకం నడిచే యంత్రాలను చూసుకునే పనిలో భాగంగా నేను దీన్ని ఆరేళ్లుగా వాడుతున్నాను.

ఇలాంటి సాధనం అవసరం ఎందుకు వచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. మామూలు ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను లినక్స్ కెర్నెల్ ఏళ్ల తరబడి నిలబెట్టుకుంటుంది. లోపల పనిచేసే మాడ్యూళ్లకు మాత్రం అలాంటి హామీ ఏదీ ఇవ్వదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్ల రూపాన్ని ఎవరైనా మార్చినప్పుడు, ఆ ఫంక్షన్‌ను పిలిచే డ్రైవర్లు కెర్నెల్ సోర్సులోనే ఉంటే, మార్చిన వారే వాటినన్నిటినీ సరిచేస్తారు. బయట ఉన్న డ్రైవర్ల బాధ్యత వాటిని నడిపే వారిదే. పైగా ప్రతి మాడ్యూలులోనూ అది ఏ కెర్నెల్ కోసం తయారైందో చెప్పే వెర్‌మ్యాజిక్ అనే ముద్ర ఉంటుంది. అది సరిపోలకపోతే, మాడ్యూలును ఎక్కించే మాడ్‌ప్రోబ్ కమాండు ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని చెప్పి వెనక్కి పంపుతుంది.

డీకేఎంఎస్ చేసే పని సూటిగా ఉంటుంది. డ్రైవరు సోర్సును పేరు, వెర్షన్ కలిసిన ఫోల్డరులో ఉంచి, దాని పక్కన డీకేఎంఎస్ డాట్ కాన్ఫ్ అనే చిన్న ఫైలు రాయాలి. తర్వాత యాడ్, బిల్డ్, ఇన్‌స్టాల్ అనే మూడు కమాండ్లు ఒక్కసారి ఇస్తే చాలు. ఆ ఫైలులో ఆటోఇన్‌స్టాల్ పెట్టి ఉంటే, ఆపైన కొత్త కెర్నెల్ ప్యాకేజీ వచ్చిన ప్రతిసారీ అదే మాడ్యూలును కంపైల్ చేసి, ఆ కెర్నెల్‌కు చెందిన చోట ఉంచి, మాడ్యూళ్ల జాబితాను తాజా చేసే డెప్‌మాడ్ కమాండును కూడా నడుపుతుంది. ఇదంతా బ్యాష్ స్క్రిప్టు కావడం నాకు బాగా నచ్చిన విషయం. అనుమానం వచ్చినప్పుడు తెరిచి చదువుకోవచ్చు. లోపల ఏం జరుగుతోందో ఊహించుకోవలసిన పని లేదు.

డెబియన్ 12 నుంచి 13కు మారిన రోజున దీని బలమూ హద్దూ రెండూ నాకు తెలిసివచ్చాయి. కెర్నెల్ 6.1 నుంచి 6.12కు మారింది. కార్డు తయారీదారులు డ్రైవరు సోర్సును ఎన్నడో ఇచ్చి, ఆ తర్వాత దాని మొహం చూడలేదు. బిల్డ్ ఆగిపోయింది. బిల్డ్ ఫోల్డరులోని మేక్ లాగ్ తెరిస్తే, క్లాస్ క్రియేట్ అనే ఫంక్షన్‌కు ఎక్కువ ఆర్గ్యుమెంట్లు ఇచ్చారన్న లోపం కనిపించింది. కెర్నెల్ 6.4లో ఆ ఫంక్షన్ నుంచి ఓనర్ అనే మొదటి ఆర్గ్యుమెంటును తీసివేశారు. పాత డ్రైవరు ఇంకా దాన్నే పంపుతోంది. ఒక్క వరుస మారిస్తే సరిపోయేదే, కానీ ఆ ఒక్క వరుసను మార్చడానికి మనిషి కావాలి. డీకేఎంఎస్ ఇటుకలు పేర్చే మేస్త్రి వంటిది. ఇంటి ప్లాను కాలానికి తగినట్టు మార్చడం దాని పని కాదు.

అయితే ఆ మార్పును పదిలంగా ఉంచడానికి అది మంచి దారి చూపింది. కాన్ఫ్ ఫైలులో ఒక ప్యాచ్ పేరు, అంటే సోర్సులో చేయవలసిన మార్పులున్న ఫైలు పేరు, రాసి, అది ఏ కెర్నెళ్లకు వర్తిస్తుందో ప్యాచ్ మ్యాచ్ అనే వరుసలో చెప్పవచ్చు. నేను 6.12తో మొదలయ్యే కెర్నెళ్లకు మాత్రమే ఆ ప్యాచ్ పడేలా రాశాను. దానితో అప్పటికి ఇంకా డెబియన్ 12లోనే ఉన్న యంత్రాలకూ, కొత్తవాటికీ ఒకే సోర్సు సరిపోయింది. ఇలా మార్చినప్పుడు వెర్షన్ నంబరు కూడా పెంచడం మరచిపోకూడదు, ఎందుకంటే పాత నంబరుతో ఒకసారి నమోదైన మాడ్యూలును అది ముందే తయారైనదిగా లెక్కవేసుకుంటుంది.

నా ప్రధానమైన అభ్యంతరం హెడర్ల విషయంలో ఉంది. మాడ్యూలును కంపైల్ చేయాలంటే ఆ కెర్నెల్ హెడర్లు, అంటే దాని లోపలి ఫంక్షన్ల రూపాన్ని చెప్పే ఫైళ్లు, యంత్రంలో ఉండాలి. అవి లేకపోతే, ఆటోఇన్‌స్టాల్‌ను వదిలివేశానన్న ఒక్క వాక్యం వందల వరుసల మధ్య దొర్లిపోతుంది. అప్‌డేట్ విజయవంతంగా ముగిసినట్టే కనిపిస్తుంది. మా దగ్గర ఒక యంత్రంలో ఇదే జరిగి, మరునాటి ఉదయం ప్రయోగం మొదలుపెట్టడానికి వచ్చిన విద్యార్థులు రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఒక్కో వెర్షన్ హెడర్లను విడిగా వేసుకోకుండా, కెర్నెల్‌తో పాటు తామే మారే లినక్స్ హెడర్స్ ఏఎండీ64 మెటా ప్యాకేజీని వేసుకుంటే ఈ చిక్కు రాదు. అయినా ఇంత ముఖ్యమైన హెచ్చరిక ఇంత మెల్లగా వినిపించడం సరికాదని నా అభిప్రాయం.

సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న యంత్రాల్లో మరో మెట్టు ఉంది. మాడ్యూలుకు సంతకం ఉండాలి, ఆ సంతకం తాలూకు తాళంచెవిని (కీని) ఫర్మ్‌వేర్ వైపు నమోదు చేయాలి. డీకేఎంఎస్ మూడో తరం వెర్షన్లు ఆ తాళంచెవిని తామే తయారుచేసి సంతకం పెడుతున్నాయి, అది నిజంగా పెద్ద ఊరట. కానీ మాక్‌యుటిల్ అనే కమాండుతో నమోదు కోరిన తర్వాత, రీబూట్‌లో వచ్చే తెర ముందు కూర్చుని పాస్‌వర్డు ఇచ్చి ఒప్పుకోవలసింది మనమే. దూరాన ఉన్న సర్వరుకు ఇది చిన్న విషయం కాదు.

జెడ్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్ లైసెన్సు కారణంగా కెర్నెల్‌లో చేరలేదు కనుక, దాన్ని వాడే వారికి డెబియన్‌లో డీకేఎంఎస్ సహజమైన దారి. ఫెడోరా అనే మరో లినక్స్ రకం వాడేవారికి ఇదే పని చేసే ఏకేమాడ్స్ ఉంది. అది మాడ్యూలును ఫెడోరా వాడే ఆర్పీఎం ప్యాకేజీగా కట్టిపెడుతుంది కనుక ఏది ఎక్కడ చేరిందో లెక్క తెలుస్తుంది. కంపైలరే ఉండకూడదని నియమం పెట్టుకున్న సర్వర్లకు మాత్రం నేను డీకేఎంఎస్‌ను సిఫారసు చేయను. ఒక యంత్రంలో కట్టి, తయారైన మాడ్యూలును మిగిలినవాటికి పంపడం మేలు. కొత్త పరికరం కొనబోయే వారు, దాని డ్రైవరు కెర్నెల్‌లోనే ఉందో లేదో ముందుగా చూసుకుంటే ఈ సాధనం అవసరమే రాదు.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి హెడర్ల హెచ్చరిక కోసమే. ఇప్పుడు అప్‌డేట్ ముగియగానే, రీబూట్ చేయడానికి ముందు, డీకేఎంఎస్ స్టేటస్ అని అడిగి, కొత్త కెర్నెల్ నంబరు పక్కన ఇన్‌స్టాల్డ్ అన్న మాట కనిపించిన తర్వాతనే యంత్రాన్ని ఆపుతున్నాను. పాత కెర్నెల్‌ను మరో వారం దాకా తొలగించడం లేదు.