రెండు ఇంటర్నెట్ లైన్లకి ఒక్క రూటర్: టీపీ-లింక్ ఈఆర్605 ఆరు నెలలు వాడాక

మాది రామంతాపూర్. నేను ఇంటినుంచే సంగీతం పాఠాలు చెప్తాను. పొద్దున ఆరింటికి డాలస్ పిల్లలు జూమ్‌లోకి వస్తారు, అక్కడ అప్పుడు రాత్రి ఏడున్నర. సరళీ వరుసలు పాడేటప్పుడు నెట్ తడబడితే గమకం సగంలో తెగుతుంది. పిల్ల ఆ తెగిన స్వరాన్నే పట్టుకుని సాధన చేస్తుంది. మళ్లీ దాన్ని మరిపించడానికి నాకు రెండు వారాలు.

అందుకే ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండు కంపెనీల ఫైబర్ పెట్టించుకున్నాం. 2025 ఆగస్టులో మా రామంతాపూర్‌లోనే కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు పోయారు. తర్వాత నగరంలో చాలాచోట్ల కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. మా రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీంచి వచ్చేవి, ఒకే పూట పోయాయి. అంతమంది ప్రాణాలు పోయిన సందర్భంలో నా క్లాసుల గొడవ ఎత్తడానికి మనసు రాదు. కానీ రెండు బిల్లులు కడుతున్నా నిజానికి మాకున్నది ఒక్క దారేనని ఆ రోజే తెలిసింది. ఒక ఫైబర్ తీసేసి, డాబా మీద రిసీవర్ పెట్టి టవర్ నుంచి సిగ్నల్ అందుకునే 5జీ ఎయిర్‌ఫైబర్ తీసుకున్నాం. ఇప్పుడు ఫైబర్ 100 ఎంబీపీఎస్, ఎయిర్‌ఫైబర్ 40.

ఈ రెంటినీ కలపడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి టీపీ-లింక్ ఈఆర్605 కొన్నాం. ఆరు వేల లోపే అయింది. అరచేతికి కాస్త పెద్దగా ఉంటుంది, ఐదు గిగాబిట్ పోర్టులు. వైఫై ఇందులో లేదు. ఇది తెలియకుండా కొనుక్కుని ఇంటికొచ్చాక నిరాశపడకండి. మేం పాత వైఫై రూటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపేసి, దాని లాన్ పోర్టుకి (ఇంట్లో పరికరాలు కలిపే సాకెట్) ఈ పెట్టె నుంచి కేబుల్ కలిపాం, సరిపోయింది.

కొనేముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. ఇంట్లో కృష్ణా నీళ్ల కుళాయి, బోరు కుళాయి రెండూ ఉన్నాయనుకోండి. రెండు బిందెలు ఒకేసారి నిండుతాయి, కానీ ఏ బిందైనా ఒక కుళాయి కిందే నిండుతుంది. ఈ రూటర్ పనీ అంతే. ఒక్కో కనెక్షన్‌ని ఒక్కో లైన్‌కి పంచుతుంది. మా వాడు గేమ్ దించుకుంటుంటే, మావారు ఆఫీసు మీటింగులో ఉంటే, ఎవరి నీళ్లు వాళ్లవి. అంతేగాని నా ఒక్క జూమ్ కాల్ 140 స్పీడుతో పరిగెత్తదు. స్పీడ్ టెస్ట్‌లో మాకు ఒకసారి 132 వచ్చింది, ఎందుకంటే అది ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది. 'అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రూటింగ్' అనే గడిలో టిక్ పెట్టగానే అదే టెస్ట్ 96 చూపించింది. చెడిపోయిందేమో అనుకోవద్దు, టిక్ అలాగే ఉంచండి. అది ఒక సైట్‌తో మొదలైన మాటని అదే లైన్ మీద నడిపిస్తుంది. లేకపోతే బ్యాంకు సైటు మధ్యలో వేరే ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మన లైన్ నంబరు) చూసి బయటికి తోసేస్తుంది. మాకు కరెంటు బిల్లు కట్టేటప్పుడు రెండుసార్లు అలా అయింది.

బిగించిన రోజు సగం పూట ఒక చిక్కులో పోయింది. రెండు మోడెమ్‌లూ 192.168.1.1 అడ్రసుతోనే కూర్చున్నాయి. రెండు వాన్ పోర్టులకీ (బయటి లైన్లు వచ్చి కలిసేవి) ఒకే వరస అడ్రసులొస్తే ఏది ఎటు పంపాలో రూటర్‌కి తెలియదు. ఒక మోడెమ్‌ని 192.168.5.1కి మార్చాక కుదిరింది.

ఇంకొకటి మరీ ముఖ్యం. కేబుల్ పీకి చూస్తే రూటర్ వెంటనే రెండో లైన్‌కి మారుతుంది, చూసి సంతోషపడ్డాం. కానీ నిజంగా నెట్ పోయేది అలా కాదు. మోడెమ్ పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, ఎక్కడో వీధి చివర తెగుతుంది. అందుకని 'ఆన్‌లైన్ డిటెక్షన్'లో బయటి అడ్రసుకి పింగ్ కొట్టేలా, అంటే 'ఉన్నావా' అని అడిగి జవాబు చూసుకునేలా పెట్టుకోవాలి. మేం రెండు లైన్లకీ గూగుల్ వాళ్ల 8.8.8.8 ఇచ్చాం. నా ల్యాప్‌టాప్‌ని మాత్రం పాలసీ రూటింగ్‌తో (ఏ పరికరం ఏ లైన్ వాడాలో చెప్పే అమరిక) ఫైబర్‌కి కట్టేశాను, అది పోతేనే ఎయిర్‌ఫైబర్‌కి వెళ్తుంది. వాన పడితే ఎయిర్‌ఫైబర్ కాస్త ఊగుతుంది మరి, పాటకి ఆ ఊపు పనికిరాదు.

ఒక్క కాల్‌కే రెండు లైన్ల బలమూ కావాలంటే ఈ పెట్టె చాలదు. రెండు పైపులూ మళ్లీ కలిసే చోటు అవతల ఒకటి ఉండాలి. స్పీడిఫై అలాంటి సర్వీసే, తన సర్వర్ దగ్గర ముక్కల్ని కలుపుతుంది, పూర్తిగా వాడాలంటే చందా కట్టాలి. చేత్తో చేసుకోగలిగినవాళ్లకి ఓపెన్ ఎంపీటీసీపీ రూటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక సర్వర్ అద్దెకు తీసుకోవాలి. నాకు అంత అవసరం రాలేదు. ఖర్చు రెండు లైన్ల బిల్లులకే సరిపోతోంది, రెంటి మీదా 18 శాతం జీఎస్టీ.

కరెంటు పోతే మోడెమ్, రూటర్, ఎయిర్‌ఫైబర్ పెట్టె అన్నీ ఆరిపోతాయి కాబట్టి వాటికి చిన్న యూపీఎస్ కూడా పెట్టించాం.

మొన్న మంగళవారం ఆరుంబావుకి ఫైబర్ పోయింది. జూమ్ తెర ఆగిపోయి, 'రీకనెక్టింగ్' అని తిరిగి, పదిహేను ఇరవై సెకన్లలో మళ్లీ వచ్చింది. "టీచర్, నిషాదం దగ్గర ఆగారు" అంది అవతలి పాప. అక్కణ్ణించే అందుకున్నాం.