పి62 అడిగితే ఏ పి62 ఇస్తారు? హనుమకొండలో ఒక యాంటీబాడీ డీలరు సేవపై సమీక్ష

వరంగల్, హనుమకొండ పరిశోధనశాలలకు రసాయనాలు, యాంటీబాడీలు (కావలసిన ప్రొటీన్‌ను గుర్తించి పట్టుకునే పదార్థాలు) తెప్పించి ఇచ్చే డీలర్లలో ఒకరి సేవ గురించి ఇక్కడ రాస్తున్నాను. దుకాణం పేరు చెప్పడం లేదు. సరుకు చేరవేతలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నడి ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి వచ్చిన పెట్టెలో ఐస్ ప్యాకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి, ధర కూడా కొటేషన్‌లో చెప్పినంతే వేశారు.

చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. ఆటోఫేజీ (కణం తనలోని పాత భాగాలను తానే కరిగించుకోవడం) మీద పని చేస్తున్న మా విద్యార్థిని కోసం తెప్పించిన సీసాకు కొటేషన్‌లోనూ బిల్లులోనూ 'పి62 యాంటీబాడీ' అని మాత్రమే రాశారు. పి అంటే ప్రొటీన్, 62 అంటే కిలోడాల్టన్లలో (అణువుల బరువు కొలత) దాని బరువు అని. ఊళ్లో 'సమ్మయ్యా' అని కేకేస్తే నలుగురు పలికినట్లు ఆ పేరుకు కనీసం మూడు ప్రొటీన్లు పలుకుతాయి: ఆటోఫేజీకి సంబంధించిన ఎస్‌క్యూఎస్‌టీఎం1, కేంద్రకపు పొర రంధ్రాలలో ఉండే ఎన్‌యూపీ62, ట్రాన్స్‌క్రిప్షన్‌లో (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీలో) పాల్గొనే జీటీఎఫ్2హెచ్1. పెట్టెలోని డేటాషీట్ చదివితే వచ్చింది ఎన్‌యూపీ62 అని తేలింది.

"జెల్ నడిపి చూడండి సార్, 62 దగ్గర బ్యాండ్ వస్తే అదే" అని డీలరు ఫోన్‌లో ఇచ్చిన సలహాతో మాత్రం ఏకీభవించలేను. ఎస్‌డీఎస్ జెల్ అంటే ప్రొటీన్లను బరువు వారీగా విడదీసే పలక, బ్యాండ్ అంటే అందులో ఒక ప్రొటీన్ ఆగిన చోట కనిపించే గీత. ఇలాంటి పేర్లలో చాలా వరకు ఎస్‌డీఎస్ జెల్‌లో ప్రొటీన్ ఎంత దూరం పరిగెత్తిందో చూసి పెట్టినవే తప్ప అసలు బరువును బట్టి పెట్టినవి కావు. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం ఎస్‌క్యూఎస్‌టీఎం1 సుమారు 48 కిలోడాల్టన్లు, ఎన్‌యూపీ62 సుమారు 53. నిజంగా 62 తూగేది జీటీఎఫ్2హెచ్1 ఒక్కటే. (క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్‌గా పేరున్న పి53 కూడా లెక్కకు 44 లోపే.) జెల్ మీద మాత్రం మూడూ ఇంచుమించు ఒకే చోట కనిపిస్తాయి కాబట్టి, బ్యాండ్ ఎక్కడ పడిందన్న దానితో ఈ తగవు తీరదు. ఆటోఫేజీలో ఎస్‌క్యూఎస్‌టీఎం1 కరిగిపోతుంది కాబట్టి, బాఫిలోమైసిన్ అనే రసాయనంతో ఆటోఫేజీని ఆపినప్పుడు బ్యాండ్ చిక్కబడిందా లేదా అన్నది చూస్తే కొంత నమ్మకంగా చెప్పవచ్చు.

జీన్ పేరు, యూనిప్రాట్ (ప్రొటీన్ల వివరాల డేటాబేస్) సంఖ్య క్యూ13501, కంపెనీ కేటలాగ్ నంబరు మూడూ రాసి పంపిన తరువాత, సీలు తీయని సీసా కాబట్టి మార్చి ఇచ్చారు. రవాణా ఖర్చు మా మీదే వేశారు. ఆ మూడు వివరాలూ తామే రాసి ఇవ్వగలిగిన వారికి ఈ దుకాణం నిస్సందేహంగా పనికివస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థులను ఒంటరిగా పంపడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే దుకాణం వారి ఆర్డరు ఫారంలో ఇప్పటికీ 'వస్తువు పేరు' అనే ఒక్క గడి తప్ప మరొకటి లేదు.